టీనేజ్ పిల్లల్లో షుగర్ ముప్పు: అపోహలు - వాస్తవాలు

అపోహ: మెడ నల్లబడింది, సరిగ్గా రుద్దుకోవడం లేదు.

అది మురికి కాదు. బొద్దుగా ఉన్న పిల్లల్లో మెడ వెనక, చంకల్లో, గజ్జల్లో చర్మం నల్లగా, మందంగా, తాకితే మఖమల్‌లా ఉంటే ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదని అనుమానించాలి. చక్కెరను అదుపులో ఉంచడానికి క్లోమం మోతాదుకు మించి ఇన్సులిన్ విడుదల చేస్తుంది. ఆ ఎక్కువైన ఇన్సులినే చర్మ కణాలను పెంచుతుంది. పీచుతో, సున్నిపిండితో ఎంత రుద్దినా చర్మం రేగడమే తప్ప ఆ నలుపు పోదు. మెడికల్ షాపులో అడిగి తెచ్చే తెల్లబరిచే క్రీముల్లో స్టెరాయిడ్ ఉంటే చర్మం పల్చబడుతుంది. బరువు తగ్గేకొద్దీ నలుపు నెలల మీద మెల్లగా తగ్గుతుంది. స్నానం చేయలేదని పిల్లల్ని దయచేసి తిట్టకండి.

అపోహ: ఎదిగే వయసు, పొడుగైతే ఒళ్లు అదే కరిగిపోతుంది.

కొందరికి తగ్గుతుంది, చాలామందికి తగ్గదు. ఇంట్లోనే చూసుకోండి. ఊపిరి వదిలాక, చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్యన టేపు బిగించకుండా చుట్టండి. నడుము కొలత ఎత్తులో సగానికి లోపే ఉండాలి. 160 సెంటీమీటర్ల పిల్లకు 80 దాటకూడదు. మనవాళ్లలో బరువు మామూలుగా కనిపించినా కొవ్వు పొట్టలో చేరుతుంది కాబట్టి కాటా ఒక్కటే చాలదు.

అపోహ: ఫాస్టింగ్ షుగర్ 94 వచ్చింది, ఇక భయం లేదు.

మంచి మాటే, కానీ అంతటితో తేలదు. పరగడుపున 100 నుంచి 125, గ్లూకోజ్ తాగిన 2 గంటలకు 140 నుంచి 199, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు చక్కెర చెప్పే పరీక్ష) 5.7 నుంచి 6.4 శాతం: వీటిలో ఏది వచ్చినా ప్రీడయాబెటిస్ (షుగర్ జబ్బుకు ముందు దశ) కిందే లెక్క. పరగడుపు అంకె బాగుండి, గ్లూకోజ్ తాగాక పెరిగే పిల్లలుంటారు. ఐరన్ లోపం వల్ల రక్తహీనత ఉన్న ఆడపిల్లలకు హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే ఎక్కువ చూపించవచ్చు, అందుకే హిమోగ్లోబిన్ కూడా చూడాలి. పరీక్షకు ముందు 8 గంటలు నీళ్లు తప్ప ఏమీ వద్దు. రిపోర్టు బాగా రావాలని మూడు రోజుల ముందు నుంచి అన్నం మానిపిస్తే గ్లూకోజ్ పరీక్ష తప్పుదారి పడుతుంది.

ఎవరికి చేయించాలి? బరువు ఎక్కువగా ఉండి, అమ్మానాన్నల్లోనో తాత, అమ్మమ్మ, నానమ్మల్లోనో షుగర్ ఉన్నా, ఆ బిడ్డ కడుపులో ఉండగా తల్లికి షుగర్ వచ్చినా, మెడ నలుపు, బీపీ, పీసీఓఎస్ (ఆడపిల్లల్లో నెలసరి తప్పించే హార్మోన్ సమస్య) ఉన్నా, తక్కువ బరువుతో పుట్టినా 10 ఏళ్లకే మొదలుపెట్టాలి. తర్వాత కనీసం మూడేళ్లకోసారి, బరువు పెరుగుతుంటే ఇంకా ముందే.

అపోహ: గుండె జబ్బు యాభై దాటాక మాట.

గుండెపోటు అప్పుడు రావచ్చు, రక్తనాళాల్లో కొవ్వు చారలు మాత్రం టీనేజ్‌లోనే మొదలవుతాయి. అమెరికాలో ప్రమాదాల్లో, ఇతర కారణాలతో చనిపోయిన యువత రక్తనాళాలను పరిశీలించినప్పుడు ఇది స్పష్టంగా తేలింది. అందుకే షుగర్‌తో పాటు లిపిడ్ పరీక్ష (రక్తంలో కొవ్వుల పరీక్ష) కూడా చేయించాలి. ఈ వయసులో ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో ఒక రకం కొవ్వు) 130కి చేరితే ఎక్కువ, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 40 లోపు ఉంటే తక్కువ. 13 ఏళ్లు దాటాక బీపీ 120/80 లోపే ఉండాలి. ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, కుడి చేతికి, చేతికి సరిపడే పట్టీతో చూడాలి. లావు చేతికి చిన్న పట్టీ కడితే లేని బీపీ కనిపిస్తుంది.

అపోహ: మావాడు స్వీట్లు ముట్టడు, షుగర్ ఎలా వస్తుంది?

300 మిల్లీలీటర్ల కోలాలో ఏడెనిమిది చెంచాల చక్కెర ఉంటుంది. పండ్ల రసమూ దానికి పెద్ద తేడా లేదు, పండు తినాలి. అన్నం మాన్పించకండి. కంచంలో సగం కూరలు, పావు పప్పో గుడ్డో చేపో, మిగిలిన పావే అన్నం. ఇంకా ఎత్తు పెరుగుతున్న పిల్లకు బరువు నిలకడగా ఉంచితే చాలు, బీఎంఐ (ఎత్తుతో పోల్చిన బరువు లెక్క) అదే దిగుతుంది.

అపోహ: ఇంటర్‌లో ఆటలేంటి?

రోజుకు 60 నిమిషాలు ఒళ్లు కదలాలి, 20 చొప్పున మూడుసార్లైనా సరే. కదిలే కండరం ఇన్సులిన్ సాయం లేకుండానే చక్కెర లాక్కుంటుంది. భోజనం అయ్యాక పది నిమిషాల నడకకు విలువ అందుకే. నిద్ర 8 గంటలకు తగ్గితే మర్నాడు ఆకలీ పెరుగుతుంది, ఇన్సులిన్ పనితీరూ తగ్గుతుంది. తెల్లవారుజామున స్టడీ అవర్ పెట్టే హాస్టళ్లతో తల్లిదండ్రులు ఈ సంగతి గట్టిగా మాట్లాడాలి.

విపరీతమైన దాహం, రాత్రిళ్లు పదేపదే మూత్రం, ఉన్నట్టుండి బరువు తగ్గడం కనిపిస్తే మాత్రం ఇవేవీ ఆలోచిస్తూ కూర్చోకండి, ఆరోజే రక్తపరీక్ష చేయించండి. వాంతులు, ఆయాసం తోడైతే నేరుగా అత్యవసర విభాగానికే.