సరిహద్దులు దాటే ప్రాసెస్ ఇంజినీరింగ్ చదువు: రాయగడ నుంచి కొన్ని అపోహలు, వాస్తవాలు

దక్షిణ ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం వైపు తెలుగు ఇళ్లలో పిల్లలు ఇంజినీరింగ్‌లో చేరే రోజులొస్తే నన్ను అడిగేవి దాదాపు ఒకటే రకం ప్రశ్నలు. "మేష్టారూ, ఆ కాలేజీకి జర్మనీ యూనివర్సిటీతో ఒప్పందం ఉందట, చేర్చేయమంటారా?" నేను కెమికల్ ఇంజినీరింగ్ చెబుతాను, బయటి విశ్వవిద్యాలయాలతో కలిసి చేసే పనులు కూడా చూస్తుంటాను. ఈ విషయంలో తల్లిదండ్రులకే కాదు, పాఠాలు చెప్పే మావాళ్లకి కూడా కొన్ని గట్టి అపోహలున్నాయి. పిల్లల భవిష్యత్తుకి సంబంధించిన సంగతి కాబట్టి వివరంగా రాస్తున్నాను.

అపోహ: ప్రాసెస్ ఇంజినీరింగ్ అంటే పెట్రోలు రిఫైనరీలు. మన జిల్లాల్లో దానికి పనేముంది?

ఒక పదార్థాన్ని పెద్ద ఎత్తున ఇంకో పదార్థంగా మార్చే పని ఎక్కడ జరిగినా అది ప్రాసెస్ ఇంజినీరింగే. జేకేపూర్ కాగితం మిల్లు ఉంది. కాగితం మిల్లులో కర్రని ఉడికించాక మిగిలే నల్లటి ద్రవాన్ని చిక్కబరిచి బాయిలర్‌లో కాలుస్తారు. దాంతో ఆవిరి, కరెంటు వస్తాయి, ఉడికించడానికి పోసిన రసాయనాలూ తిరిగి చేతికొస్తాయి. తెరుబలిలో ఉక్కు తయారీలో కలిపే ఫెర్రోక్రోమ్, దామన్‌జోడిలో అల్యూమినియానికి ముడిసరుకైన అల్యూమినా, కాశీపూర్ వైపు ఇంకో అల్యూమినా ఫ్యాక్టరీ. ఇన్ని ప్రాసెస్ పరిశ్రమలు ఇంత దగ్గరదగ్గరగా ఉన్న చోట ఈ ప్రశ్న రావడమే నాకు బాధ.

అపోహ: సరిహద్దు దాటి విశ్వవిద్యాలయాలు కలిసి పనిచేయడం ఈమధ్య వచ్చిన ఫ్యాషన్.

విశాఖలోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో మొదలైంది. అక్కడి సైన్స్, టెక్నాలజీ కాలేజీకి జయపురం మహారాజు విక్రమదేవ వర్మ పేరే పెట్టారు, ఎందుకంటే ఆయన ఏటా లక్ష రూపాయలు విరాళంగా ఇచ్చేవారు. కెమికల్ టెక్నాలజీ విభాగం 1933లో వచ్చింది, దేశంలో ఈ చదువుకి పాత చిరునామాల్లో అదొకటి. ఒడిశా వేరే రాష్ట్రంగా ఏర్పడింది 1936 ఏప్రిల్ 1న. అంటే జయపురం డబ్బు విశాఖ చదువుకి వెళ్లడం మొదలైన తర్వాతే మధ్యలో ఈ గీత పడింది. జయపురం, రాయగడ పిల్లలు విశాఖ వెళ్లి చదివితే అది పరాయి చోటికి వెళ్లడం అని నేను ఎన్నడూ అనుకోలేదు.

అపోహ: విదేశీ విశ్వవిద్యాలయాలు ఇస్తాయి, మనం తీసుకుంటాం. మన దగ్గర ఇవ్వడానికి ఏముంది?

అన్నిటికంటే నష్టం చేసే అపోహ ఇదే. మావాళ్లు చాలామంది ఈ మాటతోనే ఆగిపోతారు.

ఎర్ర బురద సంగతి చూడండి. బాక్సైట్ అనే ఖనిజాన్ని వేడి కాస్టిక్ సోడాలో కరిగించి అల్యూమినా తీస్తారు. ఈ పద్ధతిని 1880ల చివర్లో కనిపెట్టిన కార్ల్ జోసెఫ్ బేయర్ ఆస్ట్రియా దేశస్థుడు, అప్పుడు పనిచేస్తున్నది రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో. దామన్‌జోడి ఫ్యాక్టరీ నడిపే నాల్కో 1981లో ఏర్పడితే, దానికి సాంకేతిక పరిజ్ఞానం ఫ్రాన్స్‌కి చెందిన పెషినీ కంపెనీ నుంచి వచ్చింది. అల్యూమినా తీశాక అడుగున మిగిలేదే ఈ ఎర్రటి, ఘాటైన క్షారపు బురద. టన్ను అల్యూమినాకి సుమారు టన్ను నుంచి టన్నున్నర దాకా వస్తుంది. దాన్ని ఏం చేయాలన్నది ప్రపంచమంతా తల బద్దలు కొట్టుకుంటున్న ప్రశ్న. హంగరీలోని అయ్‌కా దగ్గర 2010 అక్టోబర్ 4న బురద చెరువు కట్ట తెగి ఊళ్ల మీద పడింది, పదిమంది చనిపోయారు. తర్వాత 2014లో బెల్జియంలోని ల్యూవెన్ విశ్వవిద్యాలయం ముందు నిలబడి, యూరప్‌లోని విశ్వవిద్యాలయాలను, పరిశ్రమలను కలిపి, 15 మంది పీహెచ్‌డీ విద్యార్థులతో ఈ బురద మీదే నాలుగేళ్ల శిక్షణ కార్యక్రమం నడిపింది. అరుదైన లోహాలు తీయడం, ఇనుము తీయడం, మిగిలినదాన్ని సిమెంటు లాంటి కట్టడ సామగ్రిలో వాడటం, అన్నీ చూశారు.

ఆ ఫలితాలు తెచ్చి దామన్‌జోడిలో వాడేస్తే సరిపోదా అని ఓ విద్యార్థి అడిగాడు. సరిపోదు. ఉదాహరణకి, గ్రీసు బాక్సైట్‌లో అల్యూమినియం ఎక్కువగా డయాస్పోర్, బోహ్‌మైట్ రూపంలో ఉంటుంది, దాన్ని కరిగించాలంటే 200 డిగ్రీలు దాటిన వేడి, బాగా ఎక్కువ పీడనం కావాలి. దామన్‌జోడికి ఖనిజం వచ్చే మన పంచ్‌పట్‌మాలి కొండ బాక్సైట్‌లో ఉన్నది ప్రధానంగా గిబ్‌సైట్. మామూలు పీడనంలో, 100 డిగ్రీలు కాస్త దాటిన వేడికే కరుగుతుంది. ఖనిజం వేరు, వండే తీరు వేరు, కాబట్టి మిగిలే బురదా వేరే. అక్కడ పనిచేసిన పద్ధతి ఇక్కడ పనిచేస్తుందో లేదో ఇక్కడి బురదతో మళ్లీ చేసి చూడాల్సిందే. ఆ బురద మన దగ్గరుంది, దాని గుణం తెలిసిన ఆపరేటర్లు మన ఊళ్లలో ఉన్నారు. యూరప్ పరిశోధకుడికి కావాల్సింది సరిగ్గా అదే.

అయితే ఇవ్వడంలో శ్రద్ధ కావాలి. శాంపిల్ బురదని కడిగే ఏ తొట్టి (వాషర్) అడుగు నుంచి తీశారు, ఏ తేదీన, ఏ షిఫ్టులో, తడిగా ప్యాక్ చేశారా, ఆరబెట్టారా, ఆరబెడితే ఎన్ని డిగ్రీల దగ్గర? డబ్బా మూత వదులుగా ఉంటే బురదలోని క్షారం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకుని పీహెచ్ తగ్గిపోతుంది. నెల తర్వాత అక్కడి ల్యాబ్‌లో కొలిచిన అంకె ఇక్కడి అంకెతో కలవదు. అప్పుడు రెండు వైపులా అవతలివాళ్ల పరికరం మీద అనుమానం. డబ్బాకి అతికించిన చిన్న చీటీ మీద నాలుగు వరుసలు సరిగ్గా రాసి ఉంటే ఈ టెన్షన్ ఉండదు. ఆ చీటీ రాయడం నేర్పడం కూడా చదువే. మా పిల్లలు ప్లాంటులో నిలబడి అది రాస్తుంటే నాకు ఎంతో తృప్తిగా ఉంటుంది.

అపోహ: ఎంఓయూ (అవగాహన ఒప్పందం) మీద సంతకం అయిందంటే సహకారం మొదలైనట్టే.

కాదు. కాగితం మీద రెండు వైపులా ఉన్నతాధికారుల పేర్లుంటాయి, పనిచేసే ఇద్దరు అధ్యాపకుల పేర్లుండవు. ఐదేళ్లు గడిచేసరికి అది పేరుకే మిగులుతుంది. నా అనుభవంలో బతికే సంబంధాలు తిరగేసి మొదలవుతాయి. ముందు ఒక ప్రశ్న, తర్వాత ఇద్దరు మనుషులు, తర్వాత ఒక విద్యార్థి, చివరికి ఒప్పందం. కాలేజీలో చేరేముందు "ఎంఓయూ ఉందా?" అని కాదు, "పోయినేడు దాని కింద ఎవరు వెళ్లారు, ఎవరు వచ్చారు, ఏ ప్రాజెక్టు చేశారు?" అని అడగండి. పేర్లతో జవాబు వస్తే నమ్మండి.

అపోహ: విదేశీ ఒప్పందం ఉంటే ఇంట్లోంచే విదేశీ డిగ్రీ వచ్చేస్తుంది.

విశ్వవిద్యాలయాలకి నియమాలు పెట్టే యూజీసీ 2022లో తెచ్చిన నిబంధనల్లో మూడు దారులున్నాయి. ట్విన్నింగ్‌లో డిగ్రీ మన సంస్థదే, విదేశంలో చదివే క్రెడిట్లు (చదువు మోతాదుని కొలిచే లెక్క) 30 శాతం మించకూడదు. ఉమ్మడి డిగ్రీలో రెండు చోట్లా కనీసం 30 శాతం చొప్పున చదవాలి. డ్యూయల్ డిగ్రీలో రెండు సంస్థలూ విడివిడిగా పట్టాలిస్తాయి, మన దగ్గర కనీసం 30 శాతం పూర్తి చేయాలి. ఇవి నడపాలంటే మన సంస్థకి కాలేజీల నాణ్యత కొలిచే నాక్ స్కోరు 3.01 అయినా ఉండాలి, లేదా కేంద్రం ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల విశ్వవిద్యాలయాల జాబితాలో మొదటి వందలో ఉండాలి, లేదా కేంద్రం ఇచ్చే ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఎమినెన్స్ హోదా ఉండాలి. విదేశీ సంస్థ క్యూఎస్ లేదా టైమ్స్ ప్రపంచ ర్యాంకుల్లో మొదటి వెయ్యిలో ఉండాలి. ఎవరైనా "మాకు డ్యూయల్ డిగ్రీ ఉంది" అంటే ముందు ఈ అర్హతలు చూసుకోండి.

క్రెడిట్ల లెక్క కూడా ఒకటి కాదు. యూరప్‌లో ఏడాదికి 60 క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్ అంటే విద్యార్థి చేసే 25 నుంచి 30 గంటల పని. మన బీటెక్‌లో నాలుగేళ్లకి కలిపి దాదాపు 160. మన హీట్ ట్రాన్స్‌ఫర్ పేపరు అక్కడ ఎన్ని క్రెడిట్లకి సమానమో పిల్లవాడు విమానం ఎక్కకముందే రాసుకోవాలి. తిరిగొచ్చాక బేరాలాడితే ఒక సెమిస్టర్ పోతుంది.

అపోహ: వాషింగ్టన్ ఒప్పందంలో భారత్ ఉంది కాబట్టి మన బీటెక్ ప్రపంచమంతా చెల్లుతుంది.

ఇంజినీరింగ్ చదువులని దేశాలు పరస్పరం గుర్తించుకునే ఈ ఒప్పందంలో 2014 నుంచి భారత్ శాశ్వత సభ్యదేశమే. కానీ ఆ గుర్తింపు, కోర్సుల నాణ్యత చూసే ఎన్‌బీఏ అనే సంస్థ టైర్-1 అక్రిడిటేషన్ ఇచ్చిన కోర్సులకే వర్తిస్తుంది. కాలేజీ పేరు చూస్తే చాలదు, కోర్సు పేరు, ఏ ఏడాది దాకా చెల్లుతుందో కూడా చూడాలి. ఇక జర్మనీ అసలు ఆ ఒప్పందంలోనే లేదు.

అపోహ: జర్మనీలో చదువు ఉచితం.

చాలా ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ట్యూషన్ ఫీజు లేదు, నిజమే. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం యూరప్ బయటివాళ్ల దగ్గర సెమిస్టర్‌కి 1,500 యూరోలు తీసుకుంటారు. 2024 సెప్టెంబర్ నుంచి వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలకి కొంత చొప్పునే తీసుకోగల ఖాతా) ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి. భారత విద్యార్థులకి 2022 నవంబర్ నుంచి మన పట్టాలు అసలైనవేనని చెప్పే ఏపీఎస్ సర్టిఫికెట్ తప్పనిసరి, దానికి పట్టే సమయం ముందే లెక్కలో పెట్టుకోండి. ఇంటి మీద అప్పు చేసేముందు ఇంకో దారి కూడా చూడండి. విదేశీ విద్యార్థులకి స్కాలర్‌షిప్‌లిచ్చే జర్మనీ సంస్థ డాడ్, వైజ్ అనే పథకం కింద మన బీటెక్ పిల్లలకి జర్మనీ ల్యాబుల్లో రెండు మూడు నెలల ఇంటర్న్‌షిప్‌కి ఆర్థిక సాయం చేస్తూ వచ్చింది, ఇప్పుడు నడుస్తోందో లేదో ముందు చూసుకోండి. మాస్టర్స్‌కి యూరోపియన్ యూనియన్ ఇచ్చే ఎరాస్మస్ ముండస్ స్కాలర్‌షిప్ వస్తే నెలకి 1,400 యూరోలు, చదువు కనీసం రెండు దేశాల్లో. పోటీ ఎక్కువే. అయినా మనవాళ్లు దరఖాస్తే పెట్టకపోవడం నాకు నచ్చదు.

అపోహ: పైలట్ ప్లాంటు, ఖరీదైన సాఫ్ట్‌వేర్ లేని చిన్న కాలేజీతో ఎవరు కలుస్తారు?

ప్లాంటు ఎలా నడుస్తుందో కంప్యూటర్‌లోనే చూపే డీడబ్ల్యూసిమ్ అనే ఉచిత ప్రాసెస్ సిమ్యులేటర్‌ని బ్రెజిల్ ఇంజినీరొకరు తయారుచేశారు. ఐఐటీ బాంబేలోని ఫోసీ ప్రాజెక్టు దాన్ని దేశమంతా నేర్పిస్తోంది, విద్యార్థులు చేసిన ఫ్లోషీట్లని (ప్లాంటు పటాలని) పరీక్షించి తన వెబ్‌సైట్‌లో పెడుతుంది. కాగితం మిల్లులో నల్ల ద్రవాన్ని చిక్కబరిచే ఎవాపరేటర్ల వరుసని గుణుపురంలో కూర్చుని మామూలు ల్యాప్‌టాప్ మీద కట్టొచ్చు. అదే ఫైలుని విశాఖలో ఇంకో విద్యార్థి తెరిచి, ఆవిరి ఎక్కడ వృథా అవుతోందో చూడొచ్చు. రెండు రాష్ట్రాల మధ్య క్రెడిట్లు మార్చుకోవడానికి 2021లో వచ్చిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఉంది, రెండు సంస్థలూ అందులో నమోదై ఉండాలి. ఈ సెమిస్టర్‌లో మొదలుపెట్టాలనుకునే అధ్యాపకులకి నా సలహా: పక్క ఫ్యాక్టరీలో ఒక్క యూనిట్ తీసుకోండి, దాని పదార్థాల లెక్క, వేడి లెక్క పిల్లల చేత కట్టించండి, ఆ ఫైలు పట్టుకుని అవతలి అధ్యాపకుడికి ఉత్తరం రాయండి.