డిక్కీ మీద రెక్క: స్పాయిలర్ గురించి అపోహలు, వాస్తవాలు

విజయవాడ ఆటోనగర్‌లో నాది టింకరింగ్, పెయింటింగ్ షెడ్డు. ఎక్కడో గుద్దుకుని వచ్చిన కార్లే ఎక్కువ. వాటి మధ్యలో వారానికి ఇద్దరు ముగ్గురైనా స్పాయిలర్, అంటే కారు వెనక డిక్కీ మీదో కప్పు చివరో ఉండే పట్టీ, దాని మాట ఎత్తుతారు. ఒకరు ఫోన్‌లో ఫోటో చూపించి, "అన్నా, నా సెడాన్‌కి ఇలాంటిది పెట్టు" అంటారు. ఇంకొకరు వెనక దెబ్బతిన్న హ్యాచ్‌బ్యాక్ తెచ్చి, "ఆ పైన ప్లాస్టిక్ ముక్క వద్దులేండి, షోకే కదా, బిల్లన్నా తగ్గుతుంది" అంటారు. సెడాన్ అంటే డిక్కీ విడిగా వెనక్కి సాగి ఉండే కారు, హ్యాచ్‌బ్యాక్ అంటే కప్పు చివరి నుంచే వెనక తలుపు దిగేది. ఇద్దరిదీ పొరపాటే, కాకపోతే ఒకరిది ఇటు, ఇంకొకరిది అటు.

అపోహ: స్పాయిలర్ ఉంటే కారు రోడ్డుకి అతుక్కుపోతుంది

తుఫానులో రేకుల షెడ్డు పైకప్పు లేచిపోవడం కోస్తా వాళ్లకి చెప్పక్కర్లేదు. రేకు మీదుగా గాలి వేగంగా పోతుంటే పైన ఒత్తిడి తగ్గుతుంది, కిందున్న గాలి రేకుని పైకి నెడుతుంది. కారు కప్పు కూడా వంపుగా ఉంటుంది కాబట్టి దాని మీదుగా పోయే గాలి అదే పని చేస్తుంది. వెనక చక్రాలు కాస్త తేలికవుతాయి. సెడాన్ డిక్కీ అంచున రెండు మూడు అంగుళాల పట్టీ నిలబెడితే, వెనక అద్దం మీదుగా జారుతూ వచ్చిన గాలికి అది అడ్డం తగులుతుంది. డిక్కీ మీద ఒత్తిడి పెరిగి, ఆ తేలికతనం కొంత తగ్గుతుంది. ఆ జారుడుని చెడగొడుతుంది కాబట్టే దానికి స్పాయిలర్ అని పేరు. ఇంతవరకూ నిజమే.

ఎంత అన్నది అసలు ప్రశ్న. మామూలు కారు 120 కిలోమీటర్ల వేగంలో పోతుంటే వెనక భాగాన్ని గాలి పైకెత్తే బలం సుమారుగా 10 నుంచి 15 కిలోలు. గాలి బలం వేగం వర్గాన్ని బట్టి మారుతుంది. అంటే 40లో పోతుంటే అది తొమ్మిదో వంతుకి, కిలోన్నరకి పడిపోతుంది. కారు బరువేమో 1,100 కిలోలు. పన్ను తప్పడానికి ఇప్పుడు బియ్యం బస్తా 26 కిలోలు చేశారు కదా, అలాంటిది ఒక్కటి డిక్కీలో వేస్తే చిన్న స్పాయిలర్ 120లో చేసే పనికంటే ఎక్కువే చేస్తుంది, అదీ బండి ఆగి ఉన్నా సరే. బెంజ్ సర్కిల్ దగ్గర సిగ్నల్‌కి సిగ్నల్‌కి మధ్య పాకే బండికి డిక్కీ మీద ఏం పెట్టినా ఒకటే.

1989లో వచ్చిన పోర్షే 911, అదే 964 అంటారు, దాని వెనక స్పాయిలర్ ఇంజన్ మూతలోనే ముడుచుకుని ఉంటుంది. వేగం 80 దాటాకే పైకి లేస్తుంది. వేగంగా పరిగెత్తడానికే పుట్టిన కారుకే అంతకన్నా తక్కువలో దానితో పని లేదు.

అలాగని ఉత్తదే అని కొట్టిపారేయడానికీ లేదు. 1998లో ఆడి టీటీ వచ్చింది. అందమైన బండి, వెనక గుండ్రంగా, నున్నగా, ఏ అంచూ లేకుండా ఉండేది. జర్మనీలో 180కి పైన పోతూ ఒక్కసారిగా లేన్ మారినప్పుడో మలుపు తిరిగినప్పుడో అదుపు తప్పి ప్రమాదాలు జరిగాయి, మనుషులు పోయారు. కంపెనీ అమ్మిన కార్లను వెనక్కి పిలిచి, డిక్కీ మీద చిన్న స్పాయిలర్ పెట్టి, సస్పెన్షన్ మార్చి, జారిపోకుండా ఆపే ఈఎస్‌పీ కూడా కలిపింది. అయితే అక్కడి వేగం 180 అన్నది మరిచిపోకండి. మన దేశంలో ఎక్స్‌ప్రెస్‌వే మీద కూడా కారుకి గరిష్ఠ పరిమితి 120. హైదరాబాద్ ఔటర్ మీదా అంతే, అది కూడా మొదటి రెండు లేన్లలోనే.

అపోహ: హ్యాచ్‌బ్యాక్ పైన ఉండేది కూడా షోకే

ఎక్కువ మంది పప్పులో కాలేసేది ఇక్కడే. సెడాన్ డిక్కీ మీది పట్టీ వేరు, హ్యాచ్‌బ్యాక్, ఎస్‌యూవీల కప్పు చివర వెనక్కి పొడుచుకొచ్చే ముక్క వేరు. రెండోది నిజంగా పని చేస్తుంది.

ఆర్టీసీ బస్సు ఊళ్లోంచి వెళ్లాక వెనకాల దుమ్ము, ఎండుటాకులు, చిత్తు కాగితాలు కొంతదూరం దాన్ని తరుముకుంటూ పోవడం చూసే ఉంటారు. బస్సు వెనక గోడలా నిలువుగా ఉంటుంది. పైనుంచి వచ్చిన గాలి ఆ గోడని పట్టుకుని కిందికి దిగలేక విడిపోతుంది, ఖాళీ అయిన చోట సుడి తిరుగుతుంది. అక్కడ ఒత్తిడి తక్కువ కాబట్టి అది బస్సుని వెనక్కి పట్టుకు లాగుతూ ఉంటుంది. హ్యాచ్‌బ్యాక్ కూడా ఒక చిన్న బస్సే.

ఒకసారి నా పాత హ్యాచ్‌బ్యాక్ మీద దీన్ని కళ్లారా చూడాలనిపించింది. జానెడు పొడవు ఊలు దారం ముక్కలు ఓ ముప్ఫై కత్తిరించి, కప్పు మీదా వెనక అద్దం మీదా టేపుతో అంటించాను. ఆదివారం పొద్దున్నే ఏలూరు వైపు హైవే ఎక్కి, వెనక కారులో మా తమ్ముడి చేత వీడియో తీయించాను. బండి 80లో ఉంది. కప్పు మీది దారాలు దువ్వినట్టు వెనక్కి సాఫీగా పడుకున్నాయి. అద్దం మీదివి మాత్రం పిచ్చెత్తినట్టు గిరగిరా తిరిగాయి, కొన్నయితే కింద నుంచి పైకి లేచి నిలబడ్డాయి. దుమ్ము ఎందుకు వెనక అద్దానికే పడుతుందో అప్పుడు అర్థమైంది. చక్రాలు రేపిన దుమ్ముని ఆ సుడే ఎత్తి తెచ్చి అద్దానికి పూస్తుంది. వెనక వైపర్ హ్యాచ్‌బ్యాక్‌కి ఉండి సెడాన్‌కి సాధారణంగా లేకపోవడానికి కారణం కూడా ఇదే, సెడాన్ అద్దం ఏటవాలుగా ఉంటుంది కాబట్టి గాలి దాన్ని తుడుచుకుంటూ దిగుతుంది.

కప్పు చివర స్పాయిలర్ ఈ సుడిని పోగొట్టదు. కప్పుని ఇంకాస్త పొడిగించి, గాలి ఎక్కడ విడిపోవాలో పదునైన అంచుతో ఒక చోట తేలుస్తుంది. దానితో సుడి చిన్నదవుతుంది, లాగుడు తగ్గుతుంది. వెనక భాగాన్ని సన్నగా దించుతూ వచ్చి నిలువుగా కోసేస్తే, కారుకి పొడవాటి తోక ఉన్నట్టే గాలికి అనిపిస్తుందని 1930లలోనే జర్మన్ ఇంజనీరు వునిబాల్డ్ కామ్ చెప్పాడు. టయోటా ప్రియస్ వెనక భాగం అలా కోసేసినట్టు ఉండేది అందుకే.

ఇక ఆ ముక్కలోనే ఏమేం దాచారో చూడండి. చాలా కార్లకి మూడో బ్రేక్ లైటు అందులోనే ఉంటుంది, అద్దం మీద నీళ్లు చిమ్మే నాజిల్ కూడా. 2023లో వచ్చిన కొత్త నెక్సాన్‌కి వెనక వైపర్ కూడా స్పాయిలర్ కిందే దూరింది. "వద్దులేండి" అనేవాళ్ల బాధ నాకు తెలుసు. జీరో డెప్ పాలసీ (భాగాల పాతదనానికి ధర కోయని బీమా) లేకపోతే ప్లాస్టిక్ భాగాల ధరలో ఇన్సూరెన్స్ సగమే ఇస్తుంది, మిగతా సగం చేతి నుంచి పడుతుంది. అయినా సరే పెట్టించుకోండి. వెనక వచ్చే లారీ డ్రైవర్ కంటికి ఎదురుగా ఉండేది ఆ మూడో లైటే.

అపోహ: స్పాయిలర్‌తో మైలేజ్ పెరుగుతుంది

కంపెనీ గాలి సొరంగంలో (కారు మీదికి గాలి వదిలి పరీక్షించే చోట) పెట్టి ఆ కారు కోసమే తీర్చినదైతే కొంచెం, అదీ హైవే మీద. చిన్న హ్యాచ్‌బ్యాక్‌ని 40లో గాలి వెనక్కి నెట్టే బలం సుమారు 5 కిలోలు, టైర్లు రోడ్డు మీద దొర్లడానికి అయ్యేది 13 కిలోల దాకా. 100లో గాలిది 33 కిలోలవుతుంది, టైర్లది దాదాపు అంతే ఉంటుంది. స్పాయిలర్ గాలి లాగుడులో నూటికి ఐదు తగ్గించిందనుకుందాం. హైవే మీద కిలోన్నర పైచిలుకు మిగులుతుంది, మొత్తంలో మూడున్నర శాతం. ఊళ్లో పావు కిలో. టైర్లలో గాలి నెలకోసారి చూసుకుంటే అంతకంటే లాభం. బయట కొని తగిలించిన దానితో లాగుడు పెరిగే అవకాశమే ఎక్కువ, ఎందుకంటే దాని అచ్చు మీ కారుని చూసి పోసింది కాదు.

అపోహ: ఎంత ఎత్తుగా ఉంటే అంత మంచిది

రెండు కాళ్ల మీద నిలబడే పెద్ద రెక్క అసలు స్పాయిలరే కాదు, వింగ్. దాని పైనా కిందా గాలి పోవాలి. అది తిరగేసిన విమానం రెక్క, అందుకే కిందికి నొక్కుతుంది. రేసు కార్లకి ఇది ప్రాణం. మన బండ్లలో చాలావరకు లాగేవి ముందు చక్రాలు. రెక్క నిజంగా పని చేసి డిక్కీ కొసని నొక్కిందనే అనుకోండి, ఎడ్లబండికి వెనక బరువెక్కువైతే కాడి పైకి లేచినట్టు ముందు చక్రాలు తేలికవుతాయి. లాగాల్సినవీ తిరగాల్సినవీ అవే. పని చేయకపోతే లాగుడు ఒక్కటే మిగులుతుంది.

అపోహ: నాలుగు స్క్రూలు కొడితే అయిపోతుంది

పోయిన వానాకాలం గుడివాడ నుంచి ఒకాయన సెడాన్ తెచ్చారు. కారులో ముక్కిపోయిన వాసన, ఏసీ సర్వీసింగ్ రెండుసార్లు చేయించినా పోలేదట. డిక్కీ తెరిచి, కార్పెట్ ఎత్తి, స్టెప్నీ తీశాను. గుంతలో నాలుగు వేళ్ల లోతు నీళ్లు, జాకీ తుప్పు పట్టి కదలకుండా బిగుసుకుపోయింది. పైన చూస్తే రెక్క, దాని కాళ్ల కింద నాలుగు రంధ్రాలు. డ్రిల్ వేసినవాడు రంధ్రాల అంచుకి ప్రైమర్ పూయలేదు, సీలెంట్ పెట్టలేదు. నీళ్లు దారి చేసుకున్నాయి, లోపలి రేకు బుడగలు లేచింది. రెక్కకి ఆయన పెట్టింది 2,800, రంధ్రాలు పూడ్చి డిక్కీ డోర్‌కి మళ్లీ రంగు వేయడానికి నా దగ్గర అయింది 7,500. బరువైన ఫైబర్ రెక్కతో ఇంకో చిక్కు, డిక్కీ మూతని ఎత్తి పట్టే రాడ్లు ఆ బరువుకి లెక్క వేసినవి కావు. సామాను తీస్తుంటే మూత నెత్తి మీద పడుతుంది.

చట్టం సంగతి కూడా ఒక ముక్క. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో రాసిన వివరాలు కంపెనీ ఇచ్చినవాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 182ఏ కింద ఒక్కో మార్పుకి 5,000 జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ ఉన్నాయి. అంచుకి అంటించే చిన్న పట్టీని ఎవరైనా ఆపడం నేను చూడలేదు. బాడీ దాటి పక్కలకి పొడుచుకొచ్చే రెక్క అయితే పోలీసుకి దూరం నుంచే కనిపిస్తుంది.

ఇవన్నీ విన్నాక కూడా "నాకు ఇష్టం అన్నా" అంటే నేను కాదనను, ఇష్టం కూడా కారణమే. కారు రంగులోనే ఉన్న తేలికపాటి ప్లాస్టిక్ పట్టీ తెచ్చుకోండి, స్క్రూలు వద్దు, మంచి డబుల్ సైడ్ టేపు చాలు. అంటించే చోట వాక్స్, పాలిష్ ఏమీ మిగలకుండా తుడిపించండి. చలిలో కాకుండా మధ్యాహ్నం పూట, డిక్కీ రేకు గోరువెచ్చగా ఉన్నప్పుడు అంటించి గట్టిగా నొక్కాలి. ఒక రోజు దాకా వాటర్ సర్వీసింగ్‌కి పోవద్దు. తర్వాత ఎప్పుడైనా మొహం మొత్తితే గాలం దారం లోపలికి దూర్చి రంపంలా అటూ ఇటూ లాగితే, రంగుకి గీత పడకుండా ఊడి వస్తుంది.