జార్జియన్ ఇంట్లో ఆఫీసు పెట్టేముందు: అపోహలు - వాస్తవాలు

లండన్ బ్లూమ్స్‌బరీలో వరసగా గోడకు గోడ కలిపి కట్టిన పాత ఇటుక ఇళ్ళలో ఎన్నో ఇప్పుడు ఆఫీసులు, క్లినిక్‌లు. 1714 నుంచి 1830 దాకా ఏలిన జార్జి రాజుల కాలం నాటివి, అందుకే జార్జియన్ ఇళ్ళంటారు. వీటికి మరమ్మతులు చేయించడమే నా వృత్తి. లీజుకు తీసుకునేవాళ్ళలో మనవాళ్ళూ ఉన్నారు, అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: ముందు వైపు ముట్టుకోకపోతే చాలు, లోపల మన ఇష్టం.

వాస్తవం: ఈ ఇళ్ళలో చాలావి లిస్టెడ్, అంటే కాపాడాల్సిన పాత కట్టడాలుగా ప్రభుత్వ జాబితాకెక్కినవి. ఇంగ్లండ్‌లో లిస్టెడ్ భవనం అంటే లోపలా బయటా కలిపి. మెట్లు, తలుపులు, సీలింగ్ అంచుల్లోని పూల పని, అన్నీ లెక్కే. అనుమతి లేకుండా ఇంటి తీరు మార్చడం 1990 చట్టం ప్రకారం నేరం, జైలు కూడా పడొచ్చు. 2020 సెప్టెంబరు నుంచి షాపు, ఆఫీసు, క్లినిక్ ఒకే 'క్లాస్ ఇ' అనే వాడకం తరగతి కిందికి వచ్చాయి, నిజమే. అది వాడకానికి సంబంధించింది. గోడ తీయాలంటే వేరే అనుమతి కావాలి.

అపోహ: తడితే డొల్లగా మోగే గోడ ఉత్త అడ్డుగోడే, తీసేయొచ్చు.

వాస్తవం: నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది ఈ మాటే. ఆ డొల్ల గోడ లోపల చెక్క చట్రం ఉంటుంది. చాలా ఇళ్ళలో పై అంతస్తుల బరువు మోసేది అదే. రెండొందల ఏళ్ళు నిలిచింది కదా అని ధీమా వద్దు. వీటిలో ఎక్కువ భాగం అమ్మకం కోసం గబగబా కట్టినవి. ముందు గోడకు పైకి కనిపించే మంచి ఇటుక ఒక్క పొరే, దాని వెనక చౌక ఇటుక, రెంటికీ సరైన కట్టు లేని ఇళ్ళు ఎన్నో. ఒకచోట పై గది మధ్యలో ఫైళ్ళ బీరువాలు వరసగా పెట్టారు. కింది గది సీలింగ్ నెర్రెలు విచ్చింది. అందుకే పని మొదలుపెట్టేముందు నేల చెక్క ఒకటి లేపించి, కింద దూలాలు ఎటు వెళ్తున్నాయో, ఏ గోడ మీద ఆనుతున్నాయో చూస్తాను.

అపోహ: మూసేసిన కిటికీలన్నీ పన్ను తప్పించుకోడానికే.

వాస్తవం: కిటికీ పన్ను 1696 నుంచి 1851 దాకా ఉంది. కానీ ముందు వైపు పొందికగా కనిపించాలని మొదట్నుంచీ ఉత్తుత్తి కిటికీగా కట్టినవీ చాలా ఉన్నాయి. తెరిపించబోతే వెనక పొగగొట్టం తగలొచ్చు.

అపోహ: చెమ్మ వస్తే సిమెంటు పూస్తే సరి.

వాస్తవం: మన గానుగ సున్నపు ఇళ్ళలాగే ఇవీ సున్నంతో కట్టినవి. సిమెంటు పూస్తే తడి బయటికి పోలేక ఇటుకే పెళుసై రాలుతుంది. అసలు చెమ్మ ఎక్కణ్ణుంచి వస్తోందో ముందు చూడండి. వీధిలోంచి కనపడదు గానీ, ఈ ఇళ్ళలో చాలావాటికి పైకప్పు రెండు వాలుల మధ్య నీళ్ళ కాలువ ఉంటుంది. అందులో ఆకులు అడ్డుపడితే నీళ్ళు నేరుగా ఇంట్లోకే. లీజు మీద సంతకం పెట్టకముందే మనిషిని పైకి ఎక్కించి చూడండి.