బ్రోచర్‌లో రాసింది బిల్డర్‌ను కట్టిపడేస్తుందా?

బ్రోచర్‌లో క్లబ్‌హౌస్ చూపించారు, అక్కడికెళ్తే ఖాళీ స్థలం ఉందన్న గొడవ మళ్లీ రాజుకుంది. అమ్మినవాళ్లు ఎప్పటిలాగే చివరి పేజీ తీసి చూపిస్తున్నారు. ‘ఇవి ఊహాచిత్రాలు మాత్రమే, మార్పులు చేసే హక్కు సంస్థకు ఉంది’ అని అక్కడ చీమల బారులా ఓ వాక్యం ఉంటుంది. ‘అగ్రిమెంట్‌లో రాసిందే చెల్లుతుంది, బ్రోచర్ కాదు’ అని వాదించడానికి చాలాకాలం ఆ వాక్యం అక్కరకొచ్చింది.

ఇళ్ల నిర్మాణం కూడా సేవేనని, కొన్నవాళ్లు వినియోగదారుల ఫోరానికి వెళ్లొచ్చని సుప్రీంకోర్టు 1993లోనే చెప్పింది. అయినా అసలు మలుపు 2017 మే 1న వచ్చింది. రెరా (స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి) చట్టంలోని 12వ సెక్షన్ అమల్లోకి వచ్చింది ఆ రోజే. ప్రకటన, ప్రాస్పెక్టస్, మోడల్ ఫ్లాట్ చూసి అడ్వాన్స్ కట్టినవారు అందులోని తప్పుడు సమాచారం వల్ల నష్టపోతే బిల్డర్ పరిహారం ఇవ్వాలి. ఇల్లే వద్దనుకుంటే కట్టిన మొత్తం వడ్డీతో సహా వెనక్కివ్వాలి. అంటే చేతికిచ్చిన రంగుల కాగితమే సాక్ష్యం.

కొలతల మోసానికి కూడా ఈ చట్టమే అడ్డుకట్ట వేసింది. 1,500 చదరపు అడుగులని డబ్బు కట్టించుకుంటారు. గృహప్రవేశమయ్యాక టేపు పట్టి కొలిస్తే లోపల 1,050 కూడా తేలదు. మిగతాదంతా లిఫ్టు, మెట్లు, కారిడార్ల వాటా. ఇప్పుడు కార్పెట్ ఏరియా, అంటే ఇంటి లోపల వాడుకోగలిగే స్థలం ఎంతో చెప్పి తీరాలి.

అనుమతుల్లో మార్పుల వల్లే ప్లాన్ మారిందని బిల్డర్లు అంటున్నారు. కానీ ప్రాజెక్టు ప్లాన్ మార్చాలంటే కొన్నవారిలో మూడింట రెండొంతుల మంది రాతపూర్వకంగా ఒప్పుకోవాలని 14వ సెక్షన్ చెబుతోంది. ఆ సంతకాలు ఎక్కడున్నాయన్న ప్రశ్నకు జవాబు రావడం లేదు.

తెలంగాణలో రెరా రూల్స్ 2017లోనే వచ్చాయి. పూర్తిస్థాయి రెరా అథారిటీ ఏర్పడింది మాత్రం 2023లో. ఈలోపే హైదరాబాద్ చుట్టూ ప్రీలాంచ్ (రిజిస్ట్రేషన్‌కు ముందే అమ్మడం), యూడీఎస్ (కట్టకముందే భూమిలో విడదీయని వాటా అమ్మడం) అమ్మకాలు జోరందుకున్నాయి. రెరా రిజిస్ట్రేషన్ నంబరు లేకుండానే వాట్సాప్‌లో బ్రోచర్ వస్తుంది, ‘మొత్తం ఒకేసారి కడితే సగం ధర’ అంటారు. రిజిస్ట్రేషన్ తప్పనిసరైన ప్రాజెక్టుకు అది లేకుండా ప్రకటన ఇవ్వడమే నేరం. ప్రాజెక్టు అంచనా వ్యయంలో 10 శాతం దాకా జరిమానా పడుతుంది. రిజిస్టర్డ్ అగ్రిమెంట్ లేకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. ఇవన్నీ పుస్తకంలో ఉండగానే 2022 డిసెంబర్‌లో అమీన్‌పూర్ ప్రీలాంచ్ కేసులో అరెస్టుల దాకా వెళ్లింది. జీవితకాలం కూడబెట్టిన డబ్బు అప్పటికే చేతులు మారిపోయింది. అథారిటీ ఆలస్యానికి మూల్యం కట్టింది కొన్నవాళ్లే.

ఎక్కడికెళ్లాలన్న అయోమయాన్ని 2021 నవంబర్‌లో సుప్రీంకోర్టు తీర్చింది. రీఫండ్, వడ్డీ కావాలంటే రెరా అథారిటీ. పరిహారం కావాలంటే దాన్ని తేల్చే అడ్జుడికేటింగ్ ఆఫీసర్. తెలంగాణలో మొదటిదానికి ఫారం ఎం, రెండోదానికి ఫారం ఎన్. రెరా ఉన్నంత మాత్రాన వినియోగదారుల కమిషన్ తలుపు మూసుకుపోదని 2020లోనే తేలింది. అక్కడ మాత్రం రెండేళ్ల గడువుంది.

ఆన్‌లైన్ లిస్టింగ్ చూసి పాత ఇల్లు కొన్నవాళ్లకు ఇంత రక్షణ లేదు. సొంత ఫ్లాట్ అమ్ముకునే వ్యక్తి రెరా కింద ప్రమోటర్ (ప్రాజెక్టు కట్టి అమ్మేవాడు) కాడు. మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని లోపాన్ని దాచిపెడితే ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్, అబద్ధం చెప్పి ఒప్పిస్తే కాంట్రాక్టు చట్టం. రెండింటికీ సివిల్ కోర్టుకే వెళ్లాలి. ‘కాస్త విచారించి ఉంటే తెలిసేదిగా’ అని అవతలి లాయర్ అడుగుతాడు. అప్పటికి లిస్టింగ్ సైట్‌లో ఉండకపోవచ్చు. తేదీ కనిపించేలా తీసిన స్క్రీన్‌షాట్, ఏజెంట్‌తో జరిగిన చాట్, ఈసీ (ఆస్తిపై లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) కాపీ కొన్నవారి దగ్గర ఉంటేనే కేసు నిలబడుతుంది.