జీరో టికెట్ ఎందుకు కొడతారంటే

చిరంజీవులైన పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

"అమ్మ దగ్గర డబ్బులు తీసుకోనప్పుడు కండక్టర్ టికెట్ ఎందుకు కొడుతున్నాడు తాతయ్యా?" అని అడిగారు కదా. ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరైనవాణ్ని, దీనికి జవాబు నేనే చెప్పాలి.

ఆ టికెట్టే బిల్లు. ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఫ్రీ అని తెలంగాణలో 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం మొదలైంది, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి. ఏ రాష్ట్రపు ఆడవాళ్లు ఆ రాష్ట్రంలోని పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆధార్ లాంటి కార్డు చూపిస్తే కండక్టర్ చేతిలో టికెట్లు కొట్టే టిమ్ మెషిన్ లోంచి జీరో టికెట్, అంటే సున్నా రూపాయల టికెట్ వస్తుంది. ఎక్కడ ఎక్కి ఎక్కడికి వెళ్తున్నారో అందులో నమోదవుతుంది. ఆ లెక్క చూపించే ఆర్టీసీ ప్రభుత్వాన్ని డబ్బు అడుగుతుంది. డీజిల్, టైర్లు, జీతాలు ఎవరికీ ఫ్రీగా రావు. అందుకని "ఫ్రీయే కదా, టికెట్ వద్దులే" అనకండి. టికెట్ లేకపోతే మీరు బస్సెక్కనట్టే లెక్క.

ఇక ఇది ఎవరికి ఎక్కువ పనికొస్తుందో చూడండి. ఇళ్లలో పాచిపని చేసే ఒకామెకు రానుపోను 40 రూపాయలు అవుతుందనుకుందాం. నెలకు 25 రోజులు వెళ్తే వెయ్యి. దూరంగా ఉన్న కాలనీలో జీతం వెయ్యి ఎక్కువిస్తామన్నా, "చార్జీలకే పోతుంది, ఎందుకొచ్చిన తిప్పలు" అని పక్క వీధిలోనే తక్కువకు ఒప్పుకుంటుంది. చార్జీ లేకపోతే ఆ వెయ్యీ ఆమె చేతికొస్తుంది.

అయితే టికెట్ ఫ్రీ కావడం సగమే. మిగతా సగం బస్సు టైము. నాకు ఇష్టమైన డ్యూటీ నైట్ హాల్ట్. రాత్రి ఆఖరి ట్రిప్పుకు వెళ్లిన బస్సు ఊళ్లోనే ఆగిపోతుంది. డ్రైవరూ నేనూ బస్సులోనే పడుకునేవాళ్లం (దోమల సంగతి అడక్కండి). తెల్లవారుజామున ఐదింటికల్లా మళ్లీ టౌనుకు బయల్దేరేవాళ్లం. ఆ ఫస్ట్ బస్సులో కూరగాయల గంపలు, పాల క్యాన్లు, క్యారేజీలు పట్టుకుని బిల్డింగ్ పనికి వెళ్లే ఆడా మగా ఉండేవాళ్లు. అదే బస్సు ఎనిమిదింటికి చేరితే లేబర్ అడ్డా ఖాళీ అయిపోతుంది. మేస్త్రీలు అప్పటికే కావాల్సినవాళ్లను తీసుకెళ్లిపోతారు. ఆ రోజు కూలి పోయినట్టే.

రాత్రి పూటా అంతే. ఆసుపత్రిలో ఊడ్చే ఆమె షిఫ్టు తొమ్మిదింటికి అయిపోయి, ఆఖరి బస్సు ఎనిమిదిన్నరకే వెళ్లిపోతే, జీరో టికెట్ ఏం చేస్తుంది? పొద్దున మిగిలింది రాత్రి ఆటోకు పోతుంది. పథకం పెట్టగానే బస్సులు కిక్కిరిశాయి గానీ, అంత వేగంగా సర్వీసులు పెరగలేదనే నా ఫిర్యాదు.

ఆటోవాళ్లనూ మరిచిపోకూడదు. గిరాకీ పడిపోయిందని వాళ్లు రోడ్డెక్కారు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 అక్టోబరులో సొంత ఆటో నడుపుకునేవాళ్లకు 15,000 రూపాయల సాయం మొదలుపెట్టారు. వాళ్లూ రెక్కాడితేగానీ డొక్కాడనివాళ్లే.

"మరి మగ కూలీలకు?" అని మీరడక్కముందే చెబుతున్నా, వాళ్లు టికెట్ కొనాల్సిందే. రైల్వేవాళ్లు 2009లో ఇజ్జత్ పాస్ అని ఒకటి తెచ్చారు. అసంఘటిత రంగంలో తక్కువ ఆదాయం ఉన్నవాళ్లు, ఆడైనా మగైనా, అప్పట్లో నెలకు 25 రూపాయలతో వంద కిలోమీటర్ల దూరం దాకా తిరగొచ్చన్నారు. నాకు చాలా నచ్చిన ఆలోచన. కానీ ఆదాయం ఇంతేనని సర్టిఫికెట్ పెట్టాలన్నారు. రోజు కూలీ దానికోసం ఆఫీసుల చుట్టూ తిరిగితే ఆ రోజుల కూలి ఎవరిస్తారు? ఆర్టీసీలో మగవాళ్లకు అలాంటి పాస్ పెడితే, ఇప్పుడు అమ్మ చూపిస్తున్నట్టు ఏదో ఒక్క కార్డుతో అయిపోయేలా పెట్టాలి.

ఇట్లు,
మీ తాతయ్య