కంటి మెలనోమా గుట్టు విప్పిన నల్లతోలు ఎలుకలు

ఒంటికి రంగునిచ్చే కణాలు కంట్లో రెటీనా వెనక పొరలోనూ ఉంటాయి. అక్కడ పుట్టే క్యాన్సరే కంటి మెలనోమా. చాలా అరుదు. కానీ రోగుల్లో దాదాపు సగం మందికి తర్వాత ఇతర అవయవాలకు, ముఖ్యంగా కాలేయానికి పాకుతుంది. కన్ను తీసేసినా ఆ భయం పోదు. ఇంత మొండి జబ్బును ఏళ్ల తరబడి చర్మ మెలనోమా లెక్కలోనే చూశారు.

మెలనోమా పరిశోధనలోకి జంతువులు వచ్చి చాలా కాలమైంది. 1920లలో అమెరికాలో మైరాన్ గోర్డన్, జర్మనీలో కుర్ట్ కాస్విగ్ ఎవరికి వారుగా ప్లాటీ, స్వోర్డ్‌టెయిల్ అనే అక్వేరియం చేపలను సంకరం చేశారు. కొన్ని పిల్లచేపల ఒంటిమీది నల్లమచ్చలు కంతులయ్యాయి. క్యాన్సర్‌కు వంశపారంపర్య కారణాలూ ఉంటాయనడానికి అది తొలి సాక్ష్యాల్లో ఒకటి.

కంటి జబ్బుకు మాత్రం అలాంటి జంతువు దొరకలేదు. ఎలుక చర్మపు మెలనోమా నుంచి తీసిన బి16 కణాలను సూదితో ఎలుక కంట్లోకి ఎక్కించేవారు. కంతి పెరిగేది, నిజమే. అయితే పెరిగింది చర్మపు కంతే.

అసలు దారి క్యాన్సర్ కోసం వెతకని వాళ్లకు దొరికింది. చర్మం రంగును అధ్యయనం చేస్తున్న కేథరిన్ వాన్ రామ్స్‌డాంక్, గ్రెగ్ బార్ష్ బృందం అరికాళ్లు, చెవులు, తోక నల్లబడిన ఎలుకలను పరిశీలించి, జీఎన్ఏక్యూ, జీఎన్ఏ11 అనే రెండు జన్యువుల్లో మార్పులున్నాయని 2004లో ప్రకటించింది. అవే జన్యువులను మనుషుల కంతుల్లో వెతికితే 2009లో జీఎన్ఏక్యూ మార్పు 46 శాతం కంటి మెలనోమాల్లో బయటపడింది. 2010లో జీఎన్ఏ11 కూడా కలిపితే 83 శాతం. చర్మ మెలనోమాల్లో సుమారు సగానికి మూలమైన బీరాఫ్ అనే జన్యువులోని మార్పు ఇక్కడ దాదాపు కనిపించదు. అందుకే 2011లో బీరాఫ్ మందు వెమురాఫెనిబ్ వచ్చి చర్మ రోగులకు ఊపిరి పోసినా, కంటి రోగులకు అక్కరకు రాలేదు.

2015లో వాన్ రామ్స్‌డాంక్ బృందమే జీఎన్ఏక్యూ మార్పు పెట్టి ఎలుకలను తయారుచేసింది. మూడు నెలలకల్లా అన్నిటికీ కంటి మెలనోమా వచ్చింది. కానీ పాకింది ఊపిరితిత్తులకు. రోగి ప్రాణం తీసేది కాలేయంలో చేరిన కంతి కాబట్టి ఇది చిన్న లోటు కాదు.

2022లో అమెరికా అనుమతి పొందిన టెబెంటాఫస్ప్, శరీరమంతా పాకిన కంటి మెలనోమా రోగుల్లో ఆయుష్షు పెంచిన తొలి మందు. అది కణాల మీదుండే గుర్తింపు ప్రోటీన్లలో ఫలానా హెచ్‌ఎల్‌ఏ రకం ఉన్నవారికే పనిచేస్తుంది. మనిషి రోగనిరోధక కణాలే దానికి ఆధారం. మామూలు ఎలుకల్లో ఆ కణాలు ఉండవు కాబట్టి ఈ మందును వాటిలో పరీక్షించలేం.