జారనివ్వని కుట్టు

విశాఖ ఎం.వి.పి. కాలనీలో మా మేడ మీద మూడు కుండీల్లో నిమ్మగడ్డి, రెండింట్లో వట్టివేరు ఉన్నాయి. టీలోకి రెండు రెబ్బలు తుంచుకోవడం తప్ప నిమ్మగడ్డితో పెద్ద పనిలేదు. వట్టివేరులో పేరంతా వేరుదే, ఆకు ఎవరికీ పట్టదు. కోసి పారేసే ఆ ఆకులతో కిందటేడు బుట్ట చేయడం మొదలుపెట్టాను. దీన్ని అల్లరు, కుడతారు. మేదరివాళ్లు వెదురు బద్దల్ని ఒకదాని కిందా ఒకదాని మీదా పోనిచ్చి అల్లితే, ఇక్కడ గడ్డిని వేలి లావు కట్టగా పట్టుకుని చుట్టుకుంటూ పోయి, ప్రతి చుట్టునూ దాని ముందు చుట్టుకు దబ్బనంతో కుట్టేయాలి. దారంగా గోగునార వాడాను. బిందె కింద పెట్టే చుట్టకుదురు తెలిసినవాళ్లకు సగం పని వచ్చినట్టే.

మొదటి బుట్ట పాడైంది. కోసిన రోజే పచ్చిమీద కుట్టేశాను. పది రోజులకల్లా కుట్లన్నీ వదులై, దారంలోంచి పోచలు ఊడి వస్తున్నాయి. కొండచీపుర్లు అమ్మడానికి వచ్చిన ఒక పెద్దావిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఏటమ్మా, పచ్చిగడ్డి కుట్టీసినావా? ఎండితే సన్నబడిపోద్ది కదా!"

ఆమె అన్న 'సన్నబడడం' అక్షరాలా సరైన మాట. గడ్డి ఎండితే పొట్టిపడదు, సన్నబడుతుంది. పోచలోని సెల్యులోజ్ పోగులు చాలావరకు పొడవునా పరుచుకుని ఉంటాయి. వాటి మధ్య చేరిన నీరు పోయినప్పుడు పోగులు పక్కపక్కకు దగ్గరవుతాయి, పొడవు మాత్రం దాదాపు అలాగే ఉంటుంది. కుట్టు పట్టుకునేది పోచ లావునే కాబట్టి దెబ్బంతా కుట్టు మీదే పడుతుంది. అందుకే ముందు నీడలో పూర్తిగా ఎండబెట్టి, కుట్టే ముందు ఓ గంట తడిగుడ్డలో చుట్టి ఉంచాలి. ఆ కాస్త తడికే పోగులు మెత్తబడి, విరగకుండా వంగుతాయి.

ఇంతకీ చిటికెన వేలితో వంచగలిగే గడ్డి, ఉల్లిపాయలు మోసే బుట్ట ఎలా అవుతుంది? నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చిన లెక్క ఇదే. గుండ్రటి కడ్డీ మందం రెట్టింపైతే దాన్ని వంచడం 16 రెట్లు కష్టం, నాలుగింతలైతే 256 రెట్లు. ఒక లావు కాడ ఉందనుకోండి. దాని అడ్డుకోతకు సమానంగా, అందులో నాలుగో వంతు మందమున్న సన్న పోచలు 16 తీసుకోండి. గడ్డి అంతే, కానీ పోచలు ఒకదాని మీద ఒకటి జారుతుంటే కట్టను వంచడానికి పట్టే బలం ఒక్క పోచకు 16 రెట్లే. అంటే లావు కాడ కంటే కట్ట 16 రెట్లు తేలిగ్గా వంగుతుంది. వంచడం అయ్యాక బిగించి కుడితే ఆ జారుడు ఆగిపోతుంది, కట్ట మళ్లీ లావు కాడలా ప్రవర్తించడం మొదలుపెడుతుంది. కొత్త నోటుబుక్కును చేత్తో వంచి చూడండి, కాగితాలు జారి అంచు ఏటవాలుగా అవుతుంది. అదే బుక్కు కాగితాలన్నీ జిగురుతో అంటుకుపోయి ఉంటే వంచగలరా?

అడుగుభాగం కుట్టేటప్పుడు ఇంకో సంగతి తెలిసింది. కట్ట మందం 1 సెంటీమీటరైతే, ప్రతి కొత్త చుట్టూ ముందుదానికంటే దాదాపు 6.28 సెంటీమీటర్లే పొడవు పెరుగుతుంది. రెండో చుట్టైనా ఇరవయ్యో చుట్టైనా అంతే. అంతకంటే తక్కువ గడ్డి ఇచ్చి బిగలాగితే అంచు పైకి లేచి గిన్నె అవుతుంది. ఎక్కువిస్తే అప్పడంలా అలలు తిరుగుతుంది. నాది మొదట అప్పడమే అయింది.

తెలుగు పల్లెల్లో ఈ చుట్టుడు ఏమంత కొత్త కాదు. వరిగడ్డిని మెలిపెట్టి వెంటి అనే గడ్డితాడు పేని, దాన్ని చుట్టుకుంటూ పోయి ధాన్యం నిలవచేసే పురి కట్టేవారు. పురి అంటే మెలిక, పురి అంటే ధాన్యపు కొట్టు కూడా. 1638లో గెలీలియో రెండు మూడు మూరల నారపోగులతో నూరు మూరల తాడు ఎలా నిలుస్తోందని ప్రశ్న వేసుకున్నాడు. జవాబు మెలికలోనే ఉంది. లాగేకొద్దీ మెలిక పోగుల్ని ఒకదానికొకటి నొక్కుతుంది, రాపిడి పెరిగి జారనివ్వదు. బుట్టలో దారం చేసే పనిని వెంటిలో మెలిక చేస్తోందన్నమాట. ఈజిప్టులోని ఫయూమ్‌లో సుమారు 7,000 ఏళ్ల కిందట ధాన్యం దాచిన గుంతలకు లోపల ఇలాగే గడ్డిని చుట్టలు చుట్టి కుట్టిన అస్తరు వేశారు.

వట్టివేరు, నిమ్మగడ్డి ఆకుల అంచులు చేతులు కోస్తాయి, పాత చొక్కా చేతులు తొడుక్కుని కోయండి. కోసినందుకు మొక్క చావదు, గడ్డి ఆకు మొదట్లోంచే పెరుగుతుంది.

విశాఖలో అసలు శత్రువు సముద్రపు గాలి తేమ. సంక్రాంతి వెళ్లాక ఎండబెట్టిన గడ్డి గలగలలాడుతుంది, వానాకాలంలోనైతే వారమైనా మెత్తగానే ఉండి బూజు పడుతుంది. రెండో బుట్టను మాఘంలో కుట్టాను. అందులో ఉల్లిపాయలు పోస్తున్నాం, కుట్టు ఇంకా వదల్లేదు. నిమ్మవాసన మాత్రం నెల తిరక్కుండానే పోయింది. దాన్నిచ్చే సిట్రాల్, గాలి తగిలితే ఆవిరైపోయే నూనె.